కారు చెప్పేది ఎంత, యాప్ ఊహించేది ఎంత: ఫోన్‌లో కనిపించే ఇంజిన్ అంకెల వెనుక కథ

ఖాళీ రోడ్డు మీద కారు నిలకడగా గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతోంది. స్టీరింగ్ కింద చిన్న బ్లూటూత్ అడాప్టర్ గుచ్చి ఉంది. ఫోన్‌లో ఒక యాప్ తెరిస్తే మైలేజీ లీటరుకు 19.3 కిలోమీటర్లు అంది. దాన్ని మూసేసి, అదే దారిలో అదే వేగంతో ఇంకో యాప్ తెరిస్తే 21.9 అంది. కారు అదే, సెన్సర్లు అవే, ట్యాంకులో పెట్రోలు అదే. మరి ఏది నిజం?

ఇలాంటి తేడా చూసి చాలామంది ఈ యాప్‌లన్నీ ఉత్తుత్తివే అని పక్కన పడేస్తారు. కొందరు తమకు నచ్చిన అంకెను పట్టుకుని ఉండిపోతారు. నా ఉద్దేశంలో రెండూ నష్టమే. తెర మీద కనిపించే అంకెలన్నీ ఒక కోవకు చెందినవి కావు. కొన్నింటిని సెన్సర్ నేరుగా కొలిచింది. కొన్నింటిని కారులోని కంప్యూటర్ లెక్కగట్టి చెప్పింది. ఇంకొన్నింటిని కారు అసలు చెప్పనే లేదు, యాప్ తనంతట తాను అంచనా వేసుకుంది. చిక్కేమిటంటే మూడూ ఒకే రకం గుండ్రటి మీటర్లలో, దశాంశాలతో సహా, ఒకే ధీమాతో కనిపిస్తాయి. ఏ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే ఈ గందరగోళం చాలావరకు విడిపోతుంది.

పొగను పట్టడానికి పుట్టిన ఏర్పాటు

కారులో ఈ సమాచారమంతా యజమాని సరదా కోసం పెట్టింది కాదు. కాలుష్యాన్ని తగ్గించే పరికరాలు కొత్త కారులో బాగానే పనిచేస్తాయి. కొన్నేళ్లకు వాటిలో ఒకటి చెడిపోయినా బండి నడుస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ తెలియదు, పొగ మాత్రం పెరుగుతుంది. కాలిఫోర్నియా వాయు వనరుల బోర్డు దీనికో దారి చూపింది. కారే తన పరికరాలను ఎప్పటికప్పుడు పరీక్షించుకోవాలి, తేడా కనిపిస్తే డాష్‌బోర్డు మీద లైటు వెలిగించాలి, ఆ తేడా ఏమిటో కోడ్ రూపంలో దాచిపెట్టుకోవాలి. అక్కడ 1991 మోడల్ కార్లకు దీని తొలి రూపం వచ్చింది. 1996 మోడల్ నుంచి అమెరికా అంతటా రెండో రూపం తప్పనిసరి అయింది. అదే ఓబీడీ-2. ఓబీడీ అంటే ఆన్ బోర్డ్ డయాగ్నొస్టిక్స్, బండి తన జబ్బును తానే కనిపెట్టుకోవడం. యూరప్‌లో పెట్రోలు కార్లకు 2001లో, డీజిల్ కార్లకు 2004లో ఇలాంటి నిబంధనే వచ్చింది.

ఈ పుట్టుక ఎందుకు ముఖ్యమంటే, ఏ కంపెనీ కారైనా అందరికీ ఒకే భాషలో చెప్పి తీరాల్సింది పొగకు సంబంధించిన సంగతులే. ఇంజిన్ వేడి, పీల్చే గాలి, ఇంధనం కలిసే తీరు, పొగ గొట్టంలో ఆక్సిజన్ లాంటివి ఆ జాబితాలో ఉంటాయి. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగులు, ఏసీ, డోర్ లాకులు వంటివాటి వివరాలు కూడా అదే సాకెట్ గుండా బయటికి రావచ్చు. కానీ అవి ఆ కంపెనీ సొంత భాషలో ఉంటాయి. అందుకే ఏబీఎస్ లైటు వెలుగుతున్నా ఉచిత యాప్ "కోడ్‌లు ఏమీ లేవు" అంటుంది. అబద్ధం చెప్పడం లేదు పాపం, ఆ గది తలుపు అది తట్టనేలేదు. ఒక్కో కంపెనీ కార్లకే ప్రత్యేకంగా కొన్ని యాప్‌లు ఉండటానికి కారణం ఇదే. ఫోర్డ్, మాజ్డా కార్లకు ఫోర్‌స్కాన్, ఫోక్స్‌వ్యాగన్ కుటుంబానికి ఓబీడీలెవెన్ అలాంటివి. టార్క్, కార్ స్కానర్, ఓబీడీ ఫ్యూజన్ లాంటివి ప్రధానంగా అందరి భాషతో పనిచేస్తూ, కొన్ని కార్లకు అదనపు పదాలు నేర్చుకుని ఉంటాయి.

ఫోన్ అడుగుతుంది, కారు జవాబిస్తుంది

స్టీరింగ్‌కు దగ్గర్లో, చాలావరకు మోకాళ్ల పైభాగాన, 16 పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. అందులో 16వ పిన్‌కు బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు వస్తుంది. 4, 5 పిన్నులు ఎర్తు. 6, 14 పిన్నుల మీద కారులోని కంప్యూటర్లు మాట్లాడుకునే క్యాన్ అనే నెట్‌వర్క్ నడుస్తుంది. అమెరికాలో 2008 మోడల్ నుంచి కార్లన్నీ ఈ పనికి క్యాన్‌నే వాడాలి. అంతకుముందు కంపెనీకో పద్ధతి ఉండేది.

ఫోన్‌కు ఈ భాష నేరుగా రాదు. మధ్యలో దుబాసీగా అడాప్టర్ కావాలి. ఎక్కువ అడాప్టర్లు ఈఎల్ఎం327 అనే చిప్ పద్ధతిని అనుసరిస్తాయి. దాన్ని తయారుచేసింది ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ అనే కెనడా కంపెనీ. తొలి వెర్షన్‌లోని ప్రోగ్రాంకు కాపీ రక్షణ పెట్టకపోవడంతో నకళ్లు వెల్లువలా వచ్చాయి. 2022లో ఆ కంపెనీ మూతపడింది, నకళ్లు మాత్రం ఇంకా అమ్ముడవుతూనే ఉన్నాయి. వాటిలో చాలావాటి మీద "వెర్షన్ 1.5" అని ఉంటుంది. అసలు కంపెనీ 1.5 అనే వెర్షన్‌ను ఎప్పుడూ విడుదల చేయలేదు. నకలు అయినంత మాత్రాన పనిచేయదని కాదు, మామూలు ప్రశ్నలకు చాలావరకు సరిపోతుంది. కానీ కొన్ని ఆదేశాలు దానికి అర్థం కావు, వేగంగా అడిగితే తడబడుతుంది. రాసుకున్న డేటాలో అక్కడక్కడా ఖాళీలు కనిపిస్తే తప్పు కారుదా, యాప్‌దా, ఈ దుబాసీదా అని ఆలోచించాల్సి వస్తుంది.

ఇప్పుడు ఒక సంభాషణను దగ్గర నుంచి చూద్దాం. ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, ఎంత వేడిగా ఉందో తెలియాలి. ఫోన్ "01 05" అని పంపుతుంది. 01 అంటే "ఇప్పటి డేటా కావాలి", 05 అంటే "కూలెంట్ ఉష్ణోగ్రత". ఇలా ఒక్కో సంగతికి ఇచ్చిన నంబరును పీఐడీ అంటారు. కారు "41 05 82" అని జవాబిస్తుంది. 41 అంటే 01కి జవాబు, 05 అంటే అదే విషయం, 82 అసలు విలువ. ఇది మామూలు ఎనభై రెండు కాదు, కంప్యూటర్లు వాడే పదహార్ల లెక్కలో రాసింది. 8 పదహార్లు 128, దానికి 2 కలిపితే 130. అందులోంచి 40 తీసేయాలని నిబంధన. అంటే 90 డిగ్రీలు.

ఆ 40 ఎందుకు తీసేయాలి? ఒక్క బైటులో 0 నుంచి 255 వరకే పడుతుంది, మైనస్ గుర్తుకు చోటు లేదు. మంచు ప్రాంతాల్లో సున్నా కంటే చల్లగా ఉన్న ఇంజిన్‌ను కూడా చెప్పగలగాలి కాబట్టి కొలబద్దను 40 గళ్లు కిందికి జరిపారు. అందుకే చాలా కార్లలో ఆ సెన్సర్ వైరు ఊడిపోతే యాప్‌లో మైనస్ 40 కనిపిస్తుంది. ఎండలో నిలబెట్టిన కారు మైనస్ 40 అందంటే ఇంజిన్ గడ్డకట్టిందని కాదు, వైరు తెగిందేమో చూడాలని.

కొలత, లెక్క, అంచనా

కూలెంట్ వేడి, ఇంజిన్ పీల్చే (ఇన్‌టేక్) గాలి ఉష్ణోగ్రత, ఇన్‌టేక్ పైపులో పీడనం, కంప్యూటర్‌కు అందుతున్న వోల్టేజీ, ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చెప్పే ఆర్పీఎం ఇవన్నీ కొలతలు. సెన్సర్ పాడైతే తప్ప నమ్మదగినవి.

రెండో కోవలోవి లెక్కలు. ఇంజిన్ లోడ్ శాతం అలాంటిదే. ఆ పేరుతో సెన్సర్ ఏదీ ఉండదు, గాలి ప్రవాహాన్ని బట్టి ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, లెక్కగట్టి చెబుతుంది. చాలా కార్లలో పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉష్ణోగ్రత కూడా అంతే, అక్కడ థర్మామీటర్ ఉండదు. ఈ లెక్కలు వేసేది ఆ ఇంజిన్‌ను తయారుచేసినవాళ్లు రాసిన ప్రోగ్రాం కాబట్టి సాధారణంగా మంచి లెక్కలే. అయినా లెక్క లెక్కే.

వేగం సంగతి ఇంకాస్త తమాషాగా ఉంటుంది. డాష్‌బోర్డు 104 అంటుంది, యాప్ 100 అంటుంది, జీపీఎస్ 99 అంటుంది. ఐక్యరాజ్యసమితి 39వ వాహన నిబంధన ప్రకారం స్పీడోమీటర్ అసలు వేగం కంటే తక్కువ చూపకూడదు. ఎక్కువ చూపొచ్చు, అసలు వేగంలో 10 శాతానికి మరో 4 కిలోమీటర్లు కలిపినంత వరకు. అంటే నిజంగా 100లో పోతుంటే 114 వరకు చూపినా నిబంధన దాటినట్టు కాదు. కంపెనీలు కావాలనే ముల్లును కాస్త ముందుకు జరుపుతాయి. ఓబీడీ సాకెట్‌లో సాధారణంగా ఆ జరపని అంకె వస్తుంది. అదీ చక్రాల చుట్ల నుంచి వచ్చిందే కాబట్టి టైరు అరుగుదలను బట్టి కొంచెం మారుతుంది.

మూడో కోవలోవి అంచనాలు. హార్స్‌పవర్ మీటర్ పెట్టి మురిపించే యాప్‌లు ఉన్నాయి. సాధారణంగా అవి ఎంత త్వరగా వేగం పెరిగిందో చూసి, సెట్టింగ్స్‌లో మనం రాసిన కారు బరువుతో, అప్పటి వేగంతో గుణిస్తాయి. వెనక సీట్లో ముగ్గురు కూర్చున్నారని యాప్‌కు తెలియదు. రోడ్డు కొద్దిగా పల్లంగా ఉందని కూడా తెలియదు.

ఇక మనం మొదలుపెట్టిన మైలేజీ దగ్గరికి వద్దాం. చాలా పెట్రోలు కార్లు ఎంత ఇంధనం కాలుతోందో సాకెట్ గుండా చెప్పవు. యాప్ దాన్ని గాలి నుంచి రాబట్టాలి. పెట్రోలు పూర్తిగా కాలడానికి ఒక గ్రాముకు సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. గాలి ఎంతో తెలిస్తే పెట్రోలు తెలిసినట్టే. గాలి బరువును నేరుగా కొలిచే మాఫ్ సెన్సర్ కొన్ని కార్లలో ఉంటుంది. మన ఉదాహరణ కారులో అది లేదు, పీడనం కొలిచే మ్యాప్ సెన్సరే ఉంది. అప్పుడు యాప్ ఇలా లెక్క వేస్తుంది.

ఇంజిన్ సైజు 1.2 లీటర్లు, ఆర్పీఎం 2,000. నాలుగు స్ట్రోకుల ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి తన సైజంత గాలి పీలుస్తుంది. అంటే నిమిషానికి 1,200 లీటర్లు, సెకనుకు 20 లీటర్లు. ఇన్‌టేక్‌లో పీడనం 50 కిలోపాస్కల్, వేడి 40 డిగ్రీలు ఉంటే ఆ గాలి లీటరుకు 0.557 గ్రాములు తూగుతుంది. మొత్తం సెకనుకు 11.1 గ్రాములు.

ఇక్కడే మెలిక ఉంది. ఇంజిన్ ప్రతిసారీ నిండుగా గాలి పీల్చలేదు. వాల్వుల ఆకారం, పైపుల వంపులు, ఆర్పీఎం బట్టి సిలిండర్ కొంతే నిండుతుంది. ఆ నిండే శాతాన్ని వాల్యుమెట్రిక్ ఎఫిషియన్సీ అంటారు. కారు దాన్ని చెప్పదు, యాప్ ఏదో ఒకటి అనుకోవాలి. మొదటి యాప్ 85 శాతం అనుకుంది. అప్పుడు గాలి 9.46 గ్రాములు. 14.7తో భాగిస్తే పెట్రోలు సెకనుకు 0.644 గ్రాములు, గంటకు 2,317 గ్రాములు. లీటరు పెట్రోలు బరువు 745 గ్రాములు అనుకుంటే గంటకు 3.11 లీటర్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో మైలేజీ 19.3. రెండో యాప్ 75 శాతం అనుకుంది. అదే లెక్క చేస్తే గంటకు 2.74 లీటర్లు, మైలేజీ 21.9. కారు రెండింటికీ ఒకే జవాబులు చెప్పింది. తేడా అంతా యాప్‌లు ఊహించుకున్న ఆ నిండే శాతంలోనే ఉంది.

ట్యాంకు నిండా పోయించి, 400 కిలోమీటర్లు తిరిగి, మళ్లీ నిండా పోయిస్తే 19.6 లీటర్లు పట్టిందనుకోండి. సగటు 20.4. చాలా యాప్‌లలో ఈ అంకె ఇచ్చి లెక్కను సరిచేసుకునే వీలుంటుంది. అయినా ఒకే నిండే శాతం అన్ని ఆర్పీఎంలకూ సరిపోదు కాబట్టి సగటు కుదిరినా క్షణక్షణం చూపే మైలేజీ పక్కకు జరుగుతూనే ఉంటుంది. పెట్రోలులో ఇథనాల్ కలిస్తే 14.7 కూడా మారుతుంది, 10 శాతం కలిస్తే సుమారు 14.1. డీజిల్‌లో అయితే ఈ పద్ధతే చెల్లదు, ఎందుకంటే డీజిల్ ఇంజిన్ అవసరానికి మించిన గాలితోనే నడుస్తుంది. కొన్ని కొత్త కార్లు ఇంధన ఖర్చును నేరుగా ఒక పీఐడీలో చెబుతున్నాయి. అలాంటి కారులో ఇదే అంకె అంచనా స్థాయి నుంచి ఈసీయూ లెక్క స్థాయికి ఎదుగుతుంది.

ఎంత తరచుగా రాసుకుంటే అంత నిజమా?

లాగ్ అంటే ఈ జవాబులను టైముతో సహా వరసగా రాసిపెట్టుకోవడం. చివరికి అది స్ప్రెడ్‌షీట్‌లో తెరుచుకునే పట్టిక. ఇక్కడ చాలామంది పడే పొరపాటు ఒకటుంది. ఉన్న పీఐడీలన్నీ టిక్ పెట్టేస్తారు, ఎక్కువ డేటా ఉంటే మంచిదే కదా అని. అడాప్టర్ సాధారణంగా ఒక ప్రశ్న అడిగి, జవాబు వచ్చాకే రెండోది అడుగుతుంది. సెకనుకు 20 జవాబులు తేగలిగితే, నాలుగు పీఐడీలు అడిగినప్పుడు ఒక్కొక్కటి సెకనుకు ఐదుసార్లు వస్తుంది. ఇరవై అడిగితే సెకనుకు ఒక్కసారే. క్యాన్ లేని పాత కార్లలో సెకనుకు నాలుగైదు జవాబులు వస్తే గొప్ప. పైగా ఒకే వరసలో పక్కపక్కన కనిపించే ఆర్పీఎం, వేగం నిజానికి ఒకే క్షణానివి కావు, వాటి మధ్య కొంత ఎడం ఉంటుంది.

కూలెంట్ వేడి నెమ్మదిగా మారేది. దానికి రెండు సెకన్లకు ఒకసారి చాలు. సిలిండర్‌లో ఇంధనం సరిగా పేలకపోవడం, అంటే మిస్‌ఫైర్, అలా కాదు. 3,000 ఆర్పీఎం అంటే సెకనుకు 50 చుట్లు, ఒక్కో సిలిండర్ సెకనుకు 25 సార్లు పేలుతుంది. అందులో ఒక్కటి తప్పితే ఫోన్‌లోని గ్రాఫ్‌కు అది దొరకదు. దాన్ని పట్టేది ఈసీయూనే, క్రాంక్ తిరిగే వేగంలో వచ్చే చిన్న కుదుపును బట్టి. ఆ లెక్కలను చాలా కార్లు మోడ్ 06 అనే విభాగంలో దాచుకుంటాయి. కొన్ని యాప్‌లు వాటిని చూపిస్తాయి కూడా, కాకపోతే ఆ తెర చదవడానికి ఓపిక కావాలి.

లైటు వెలగకముందే గ్రాఫ్ చెప్పినది

మా కారువి నేను దాచుకున్న రెండు లాగ్‌లు ఉన్నాయి. రెండూ ఒకే దారిలో, దాదాపు ఒకే వాతావరణంలో, పొద్దున్నే తీసినవి. మొదటిదాంట్లో కూలెంట్ 24 డిగ్రీల దగ్గర మొదలై తొమ్మిది నిమిషాల్లో 88కి చేరింది. ఆ తర్వాత 88కి, 93కి మధ్య చిన్న అలల్లా కదిలింది. కూలెంట్‌ను రేడియేటర్‌లోకి వదిలే వాల్వు థర్మోస్టాట్. అది తెరుచుకోవడం, మూసుకోవడం ఆ అలల్లో కళ్లకు కడుతుంది. ఏడాది తర్వాతి లాగ్‌లో పద్నాలుగు నిమిషాలు గడిచినా 76 దాటలేదు. ఖాళీ రోడ్డెక్కి వేగం పెంచగానే 68కి పడిపోయింది. సిగ్నళ్ల దగ్గర ఆగినప్పుడు మాత్రం 82 వరకు ఎక్కింది.

గాలి తగిలితే చల్లబడటం, ఆగితే వేడెక్కడం అంటే కూలెంట్ ఎప్పుడూ రేడియేటర్ గుండా తిరుగుతూనే ఉందన్నమాట. థర్మోస్టాట్ తెరుచుకుని అలాగే ఉండిపోయింది. డాష్‌బోర్డు ముల్లులో నాకు తేడా ఏమీ కనిపించలేదు. చాలా కార్లలో ఆ ముల్లును విస్తారమైన వేడి పరిధిలో మధ్యలోనే నిలిచేలా అమర్చుతారు, చిన్న కదలికలకు జనం కంగారు పడకుండా. చెక్ ఇంజిన్ లైటూ వెలగలేదు. దీనికి పీ0128 అనే కోడ్ ఉంది గానీ, ఈసీయూ పెట్టుకున్న షరతులన్నీ కుదిరాకే అది పడుతుంది. వర్క్‌షాపులో కోడ్ లేదు కాబట్టి సమస్య లేదన్నారు. రెండు గ్రాఫులు పక్కపక్కన పెట్టి చూపిస్తే అక్కడి పెద్ద మెకానిక్ ఒక్క నిమిషం చూసి, థర్మోస్టాట్ తీయమని కుర్రాడికి చెప్పాడు. మార్చాక మళ్లీ అవే అలలు వచ్చాయి.

ఇందులో గొప్పతనం రెండో లాగ్‌ది కాదు, మొదటిది. బండి ఆరోగ్యంగా ఉన్నప్పుడు దాని అంకెలు ఎలా ఉన్నాయో రాసి ఉండబట్టే తేడా తెలిసింది. 82 డిగ్రీలు ఎక్కువా తక్కువా అని ఇంటర్నెట్‌లో వెతికితే పది రకాల జవాబులు వస్తాయి, ఎందుకంటే థర్మోస్టాట్ తెరుచుకునే వేడి ఇంజిన్‌ను బట్టి మారుతుంది.

ఒకే కోడ్, రెండు జబ్బులు

కోడ్ ఏం చెబుతుందో, ఏం చెప్పదో పీ0171తో చూద్దాం. మొదటి అక్షరం పీ అంటే ఇంజిన్, గేర్‌బాక్స్ విభాగం. తర్వాతి సున్నా అందరికీ ఉమ్మడి కోడ్ అని గుర్తు. 0171 అంటే మిశ్రమంలో గాలి ఎక్కువై పెట్రోలు చాలడం లేదని. ఈసీయూకు ఇది ఎలా తెలిసింది? పొగ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ చూసి, పెట్రోలు తక్కువైతే కలుపుతూ, ఎక్కువైతే తగ్గిస్తూ ఉంటుంది. ఈ సవరణల శాతాన్ని ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. అప్పటికప్పుడు చేసేది షార్ట్ టర్మ్, అలవాటుగా స్థిరపడింది లాంగ్ టర్మ్. రెండూ కలిపి ప్లస్, మైనస్ 10 శాతం లోపు ఉంటే సాధారణంగా బాగున్నట్టే అని మెకానిక్‌ల వాడుక.

మాఫ్ సెన్సర్ ఉన్న రెండు కార్లు తీసుకుందాం. రెండింటిలోనూ పీ0171 పడింది. మొదటి కారులో బండి ఆగి ఇంజిన్ మాత్రం తిరుగుతున్నప్పుడు, అంటే ఐడిల్‌లో, ట్రిమ్ ప్లస్ 18, ఆర్పీఎం 2,500కి పెంచితే ప్లస్ 4. రెండో కారులో ఐడిల్‌లో ప్లస్ 3, లోడ్ మీద ఎత్తు ఎక్కుతున్నప్పుడు ప్లస్ 17. మొదటిదాంట్లో ఎక్కడో రబ్బరు గొట్టం చిట్లి, సెన్సర్ కన్ను గప్పి గాలి దూరుతోంది. ఐడిల్‌లో ఇంజిన్ పీల్చేదే తక్కువ కాబట్టి ఆ దొంగగాలి వాటా పెద్దది. ఆర్పీఎం పెరిగితే మొత్తం గాలిలో అది ఓ మూలకు పోతుంది. రెండోదాంట్లో గాలి పెరిగే కొద్దీ లోటు పెరుగుతోంది. ఫ్యూయల్ పంపు నీరసించిందో, ఫిల్టర్ మూసుకుపోయిందో, మాఫ్ సెన్సర్‌కు మురికి పట్టిందో చూడాలి. కోడ్ ఒక్కటే చూసి ఆక్సిజన్ సెన్సర్ మార్చేస్తే రెండు కార్లూ బాగుపడవు. జబ్బు గురించి కబురు తెచ్చినదాన్నే జబ్బు అనుకుని మార్చడమవుతుంది అది.

అలాగని ఈ పద్ధతిని అన్నిచోట్లా గుడ్డిగా అన్వయించలేం. మ్యాప్ సెన్సర్‌తో నడిచే కారులో దూరిన గాలి వల్ల పెరిగిన పీడనం కూడా సెన్సర్‌కు తెలిసిపోతుంది. అక్కడ ట్రిమ్ అంతగా కదలకుండా ఐడిల్ ఆర్పీఎం పెరగొచ్చు.

కోడ్‌లను చెరిపేసే బటన్ గురించి ఒక మాట. అది లైటును మాత్రమే ఆర్పదు. తప్పు జరిగిన క్షణంలో వేగం, వేడి, లోడ్ ఎంత ఉన్నాయో దాచిపెట్టిన ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. మెకానిక్‌కు అన్నిటికంటే పనికొచ్చే ఆధారం అదే. కారు తన మీద తాను చేసుకున్న పరీక్షల ఫలితాలు, అంటే రెడీనెస్ మానిటర్లు, మళ్లీ మొదటికి వస్తాయి. కోడ్‌లు చెరిపాక ఎన్ని కిలోమీటర్లు నడిచిందో చెప్పే పీఐడీ కూడా ఒకటుంది. పాత కారు అమ్మేవాళ్లు "ఏ సమస్యా లేదు, కోడ్‌లు సున్నా" అన్నప్పుడు ఆ పీఐడీ 12 కిలోమీటర్లు అని చూపిస్తే దాని అర్థం వేరు. బ్యాటరీ మార్చినా ఇలాగే కనిపించవచ్చు కాబట్టి దాన్ని మోసమని తీర్పు చెప్పలేం, అడగాల్సిన ప్రశ్న అని మాత్రం చెప్పగలం.

మెకానిక్‌లు, యజమానులు, కంపెనీలు

అనుభవం ఉన్న మెకానిక్‌లలో చాలామందికి ఈ యాప్‌లంటే చిరాకు. కోడ్ ఇంటర్నెట్‌లో వెతికి, ఫలానా పార్టు మార్చమని పట్టుబట్టే కస్టమర్‌ను వాళ్లు రోజూ చూస్తుంటారు. పార్టు మార్చాక సమస్య పోకపోతే మాట పడేది వాళ్లే. పైగా వర్క్‌షాపు స్కానర్ అన్ని విభాగాలనూ చదువుతుంది, ఫ్యాన్ తిప్పి చూడటం, ఇంజెక్టర్ ఆపి చూడటం లాంటి పరీక్షలు చేస్తుంది. మామూలు యాప్ చాలావరకు వినడమే చేస్తుంది. వాళ్ల మాటలో న్యాయం ఉంది.

యజమానుల వైపూ న్యాయం ఉంది. సమస్య వచ్చేది ఎత్తు ఎక్కేటప్పుడు, వర్క్‌షాపులో నిలబెడితే బండి బుద్ధిగా ఉంటుంది. ఆ క్షణంలో పక్కనున్నది యజమాని ఫోనే. స్కానర్ ఎంత గొప్పదైనా కారు దాని ముందు ఉన్న అరగంటనే చూస్తుంది. నెలల తరబడి తీసిన లాగ్ చూసేది అది చూడలేదు. నన్నడిగితే రెండూ పోటీ పడేవి కావు, ఒకటి డాక్టరు పరీక్ష, ఇంకోటి ఇంట్లో రాసుకున్న జ్వరం చార్టు.

కంపెనీల వాదన భద్రత. 2015లో కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్ డియెగో పరిశోధకులు ఓబీడీ సాకెట్‌లో పెట్టిన ఒక సెల్యులర్ డాంగిల్‌కు ఎస్ఎంఎస్‌లు పంపి, కార్వెట్ కారు బ్రేకులను ప్రభావితం చేసి చూపించారు. అది బ్లూటూత్ అడాప్టర్ కాదు, సొంత సిమ్‌తో ఎక్కడి నుంచైనా చేరుకోగలిగేది. కానీ సాకెట్ వెనుక ఉన్నది కేవలం మీటర్లు కాదని అది తేల్చింది. ఫియట్ క్రైస్లర్ 2018 మోడళ్ల నుంచి సెక్యూరిటీ గేట్‌వే పెట్టడం మొదలుపెట్టింది. దానితో డేటా చదవడం కుదురుతుంది, కోడ్ చెరపడం, పరికరాలను ఆడించి చూడటం లాంటివాటికి అనుమతి కావాలి. బయటి మెకానిక్‌లకు, యజమానులకు ఇది తమ కారుకే తాళం వేసినట్టు అనిపిస్తుంది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్ర ఓటర్లు 2012లో, 2020లో మరమ్మతు సమాచారం యజమానికి అందాలని ఓటేశారు. 2025 సెప్టెంబరు 12 నుంచి యూరోపియన్ యూనియన్‌లో డేటా చట్టం అమల్లోకి వచ్చింది. నెట్‌కు కలిసే వస్తువుల డేటా వాడేవాళ్లకు దక్కాలన్నది దాని సారం, కార్లు కూడా అందులో వస్తాయి. భద్రత, హక్కు రెండూ నిజమైన అవసరాలే. గొడవంతా తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్న దగ్గరే ఉంది.

ఎప్పుడూ గుచ్చే ఉంచితే

16వ పిన్‌కు కారు ఆపినా కరెంటు వస్తూనే ఉంటుంది. నిద్రపోవడం తెలియని అడాప్టర్ 40 మిల్లీయాంపులు లాగుతుందనుకోండి. రోజుకు దాదాపు ఒక యాంపియర్ గంట, రెండు వారాలకు 13.4. బ్యాటరీ 45 యాంపియర్ గంటలదైతే అందులో 30 శాతం. కారు సొంతంగా లాగేది దీనికి అదనం. రోజూ నడిచే బండికి ఇబ్బంది లేదు, నెల రోజులు కదలని బండికి ఉంది.

రెండో సంగతి లాగ్ ఫైలు గురించి. అందులో వేగం, జీపీఎస్ దారి, టైము, ఒక్కోసారి కారు ఛాసిస్ నంబరు ఉంటాయి. మనం ఎప్పుడు ఇల్లు వదిలాం, ఎక్కడ ఆగాం అన్నదంతా అందులో ఉన్నట్టే. సలహా కోసం ఆ ఫైలును పదిమందికి పంపేటప్పుడు ఈ సంగతి చాలామందికి తట్టదు. కూలెంట్ సమస్యకు జీపీఎస్ కాలమ్‌తో పనిలేదు.

పొగ లేని కారుకు ఏ ప్రశ్న వేయాలి?

పొగ కోసం పుట్టిన భాష పొగ లేని ఎలక్ట్రిక్ కారులో ఎలా పనిచేస్తుంది? అక్కడ ఫ్యూయల్ ట్రిమ్ లేదు, క్యాటలిటిక్ కన్వర్టర్ లేదు. అసలు తెలియాల్సింది బ్యాటరీ గురించి, అది చాలావరకు కంపెనీ సొంత భాషలోనే ఉంటుంది. నిస్సాన్ లీఫ్ కోసం వచ్చిన లీఫ్ స్పై లాంటి యాప్‌లు ఆ భాషను వాడుకుని బ్యాటరీ లోపలి వివరాలను యజమానుల ముందు పెట్టాయి.

అందులో అందరూ మొదట చూసేది బ్యాటరీ ఆరోగ్యం శాతం. 92 అని కనిపిస్తే మనసు కుదుటపడుతుంది. కానీ బ్యాటరీ ఎంత పట్టగలదో నేరుగా కొలిచే సెన్సర్ లేదు. లోపలికి వెళ్లిన కరెంటు, బయటికి వచ్చిన కరెంటు, వోల్టేజీ, వేడి చూసి కారు వేసిన లెక్క అది. ఇక్కడ కారు కూడా అంచనానే చెబుతోంది. ఆ పక్క తెరలో 96 సెల్ జతల వోల్టేజీలు కడ్డీల్లా నిలబడి ఉంటాయి, అవి కొలతలు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు 95 కడ్డీలు 3.70 దగ్గర ఉండి, ఒక్కటి మాత్రం 3.55కి జారిందంటే, పైన 92 శాతం అని ఎంత నిబ్బరంగా రాసి ఉన్నా, చూడాల్సింది ఆ పొట్టి కడ్డీనే.